ఎదురు మంచం రొట్టె

"ఆయన్ని ఈ గదిలోంచి మారుస్తారా, నన్ను మారుస్తారా?"

వూబెన నర్సు మీద అరవబోయాడు. ముక్కులోంచి గొంతులోకి దిగిన గొట్టం అరవనివ్వలేదు.

జర్మనీలోని ఎమ్డెన్ రేవులో చేపలు పొగబెట్టి అమ్ముకునే మనిషి. తిండి దగ్గర మొహమాటం ఎరగడు. అలాంటివాడికి అన్నవాహికలో క్యాన్సర్ అన్నారు. కోసి, పొట్టను పైకి లాగి కుట్టారు. ఆ కుట్టు కాస్తా ఒకచోట విడిపోయింది.

ఇప్పుడు ఆ కన్నంలో చిన్న స్పాంజి. దాని గొట్టం ముక్కులోంచి బయటికొచ్చి మంచం పక్కన పెట్టెలోకి పోతుంది. పెట్టె గురగురమంటూ లోపలి చీము పీలుస్తుంది. మూణ్ణాలుగు రోజులకోసారి మత్తిచ్చి స్పాంజి మారుస్తారు.

కన్నం పూడేదాకా నోట్లో మంచినీళ్ళు కూడా పడకూడదు.

అది చాలదన్నట్టు ఎదురు మంచం మీద ఓంకెన్!

మధ్యాహ్నం అయిందంటే ఆ ముసలాయన నిటారుగా కూర్చుంటాడు. నల్లరొట్టె గోరంత తుంచుతాడు. నములుతాడు. నములుతూనే ఉంటాడు. ఒక్క రొట్టెకి గంట! అదీ వూబెన కేసి చూస్తూ.

"నన్ను ఏడిపించడానికే కదండీ ఆ నమలడం?" అన్నాడు వూబెన ఉండబట్టలేక.

ఓంకెన్ ఏదో గొణిగాడు. ఆయన మాటెప్పుడూ గుసగుసే.

"కాస్త గట్టిగా ఏడవండి!"

"మీరూ... తింటారు."

"వెక్కిరింపా?"

వూబెన చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుని గోడవైపు తిరిగాడు. ఓంకెన్ పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

"సిస్టర్, అసలాయనకేం రోగం?" అని నర్సు గేషని అడిగాడు.

"ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదండీ. నా ఉద్యోగం ఊడుతుంది."

"రోగమా పాడా! రాయిలా ఉన్నాడు."

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు వచ్చింది. "స్పాంజి మార్చాలి, వెళ్దామా?"

"ఇక చాలు. పీకేయండి. ఇంటికి పోతాను."

"ఇలా పోతే బతకరు."

"బతికి ఏం చేయాలి? ఈయన తింటుంటే చూడాలా?"

ఎదురుగా ఓంకెన్ మెల్లగా ఓ ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

వూబెనకి ఒళ్ళు మండిపోయింది.

"పదండి, మార్చండి! ఈయన ఎదురుగా కూర్చుని తినకపోతే నా పేరు వూబెన కాదు."

మత్తు దిగి గదికి వచ్చేసరికి ఎదురు మంచం ఖాళీగా ఉంది.

పీడ విరగడైందనుకున్నాడు. పంతం మాత్రం వదల్లేదు. ఆ పంతంతోనే తర్వాతి స్పాంజిలన్నీ పెట్టించుకున్నాడు.

కన్నం పూడింది. గొట్టం తీసేశారు. మొదట నీళ్ళు, తర్వాత సూపు, చివరికి ఓ రోజు గేష నల్లరొట్టె తెచ్చింది.

వూబెన చటుక్కున సగం తుంచాడు.

"ఆగండాగండి! అంత ముక్కా? నిటారుగా కూర్చోండి. గోరంత తుంచండి. నోట్లోనే నీళ్ళయ్యేదాకా నమలాలి. లేకపోతే అడ్డం పడుతుంది."

"ఇలాగైతే గంట పడుతుంది!" అన్నాడు గోరంత ముక్క నములుతూ.

"పడుతుంది. ఇక జీవితాంతం ఇంతే."

"ఇదెక్కడి గోల? అందరూ ఇలాగే తింటున్నారా?"

"అందరూ ఎందుకండీ? మీలాగా ఆపరేషనైన వాళ్ళే. మీరు నయం, గొంతైనా దక్కింది. కొందరికి గుసగుసే మిగులుతుంది."

వూబెన దవడ ఆగిపోయింది.

ఎదురు మంచం కేసి చూశాడు. "సిస్టర్... ఓంకెన్ గారి అడ్రసు..."

"చెప్పకూడదండీ," అంది గేష, కిటికీలోంచి బయటికి చూస్తూ.

వూబెన సిగ్గుతో తల వంచుకున్నాడు. తర్వాత ఖాళీ మంచానికి ఎదురుగా నిటారుగా కూర్చుని, గోరంత ముక్క తుంచి, "తింటున్నానండీ" అన్నాడు.