పట్టుబడ్డ గాలి

“ఈ చేపల కంపు ఇవాళైనా కాస్త ఆపవే తల్లీ! పెద్దమనిషి ఇంటికొచ్చే వేళ,” అంటూ అత్తగారు కొంగుతో ముక్కు మూసుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు.

“అది చేపల కంపు కాదత్తయ్యా, అమైన్ల వాసన,” అంది కోడలు తల ఎత్తకుండా.

“పేరు మారిస్తే కంపు పోతుందా? సరేలే, నీ పని నువ్వు చూసుకో. వచ్చే ఆయన సంగతి నాకొదిలెయ్. కడుపు చల్లబడితే మనసు అదే కరుగుతుంది.”

“ఇది మర్యాదలతో గట్టెక్కే పని కాదత్తయ్యా,” అంది కోడలు చిరాగ్గా.

ఇంటి వెనక షెడ్డులో ఏడాదిగా ఆమె చేస్తున్న పని ఒక్కటే. అమైన్లనే రసాయనాలు పట్టించిన పాలిమర్ పూసల మీదుగా ఫ్యానుతో గాలి తోలుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఆ పూసలు పట్టుకుంటాయి, వేడి చేస్తే వదిలేస్తాయి. వదిలినదాన్ని చిన్న సిలిండర్లోకి పంపుతో ఎక్కించాలి. చెప్పడానికి నాలుగు ముక్కలే, చెయ్యబోతే తల ప్రాణం తోకకొచ్చింది. వానలకి పూసలు చెమ్మ పీల్చి ముద్దయ్యాయి. వేడి ఓ పిసరు ఎక్కువైతే పచ్చబడి పనికిరాకుండా పోయాయి. పంపైతే చచ్చి బతికింది. ఇంత చాకిరీకీ మిగిలింది బల్ల మీది సిలిండర్లో ఉన్న కాస్తంత గ్యాసు. దాన్ని తూచి చూపిస్తే, డబ్బు పెడుతున్న సంస్థవాళ్లు పని కొనసాగించమంటారు. లేకపోతే షెడ్డుకి తాళమే.

ఆ సంస్థ పెద్దాయన్ని తలుచుకుంటేనే ఆమెకి ఒళ్లు మండుతోంది. క్రితంసారి, “గాలిలోంచి గాలి తీస్తానంటే ఎవరు నమ్ముతారమ్మా?” అని నవ్విపోయాడు.

తీరా ఇవాళే త్రాసు మొండికేసింది. అంకెలు ఒకచోట నిలవడం లేదు. భార్యాభర్తలిద్దరూ దాన్ని పడగ్గదిలోకి మోసుకెళ్లి, నేల మీద పెట్టి కుస్తీ పట్టారు. ఈలోగా పెద్దాయన మరో ఇద్దరిని వెంటబెట్టుకుని ముందే దిగిపోయాడు.

“ఎండన పడి వచ్చారు, కూర్చోండి బాబూ,” అత్తగారి గొంతు హాల్లోంచి వినిపించింది. కాసేపటికి గ్లాసుల చప్పుడు.

“నిమ్మసోడా అదిరిందండీ!”

“ఇంట్లో సోడా మిషన్ మీద కలిపిందే. మొహమాటపడకండి, ఇంకో గ్లాసు పుచ్చుకోండి.”

పెద్దాయన బ్రేవ్‌మని తేన్చాడు.

“ఇక్కడ నా కొంప మునుగుతుంటే అక్కడ విందులు!” పళ్లు నూరింది కోడలు.

ఎట్టకేలకు త్రాసు దారికొచ్చింది. అందరూ షెడ్డులోకి నడిచారు.

“ఖాళీ సిలిండర్ బరువు దీనిమీదే చెక్కి ఉంది సార్. ఇప్పుడు తూచితే వచ్చే తేడా అంతా మేం పట్టిన గ్యాసే,” అంటూ ఆమె సిలిండర్ని త్రాసు మీద పెట్టింది.

తేడా లేదు. తీసి మళ్లీ పెట్టింది. అయినా లేదు.

“వాల్వు కారిందేమో,” అంటూ భర్త సబ్బు నురగ పూశాడు. ఒక్క బుడగ కూడా లేవలేదు.

“నువ్వే సరిగ్గా బిగించి ఉండవు!” అంది ఆమె.

“నేనా? నిన్న చివర ముట్టుకుంది నువ్వు!”

“బిగించే ముట్టుకున్నాను!”

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “కనబడనిదాన్ని పట్టానంటారు. తూచమంటే తూగదు. నన్నేం చెయ్యమంటారమ్మా?”

“నిన్న తూచాను సార్. ఉంది. ఒట్టు!”

“ఉన్నది ఎక్కడికి పోతుంది?”

ఆమెకి ఆ త్రాసుని ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. పూసల్ని తిట్టుకుంది, పంపుని తిట్టుకుంది, మొగుణ్ణి మనసులోనే తిట్టుకుంది.

“ఇక ఆపేద్దాం. ఏమీ అనుకోకండి,” అని పెద్దాయన గుమ్మం వైపు తిరిగాడు.

ఎదురుగా అత్తగారు ఖాళీ జగ్గుతో నిలబడి ఉన్నారు. ఆవిడ మొహం చిన్నబోయి ఉంది.

“సారుకి ఇంకో సోడా కలుపుదామంటే, నీ సిలిండరూ అయిపోయిందే అమ్మాయీ!”