పదో మధ్యాహ్నం

"ఆస్పత్రిలో మనుషులు రాలిపోతాంటే, ఆ నర్సమ్మ దినామూ మధ్యాన్నం సుభద్రమ్మ పంచలో కూచోని మెక్కి పోతాంది. దానిది గుండెనా, గుండ్రాయా?" అని ఎదురింటి కెంచమ్మ అన్నదట. ఆ మాటను ఆయా దేవక్క ఒక్క అక్షరం పోకుండా మోసుకొచ్చి సరోజినీదేవి చెవిన వేసింది.

సరోజినికి కోపం రాలేదు. కెంచమ్మకు తెలిసింది సగమే. తాను ఆ పంచలో తినడమే కాదు, అబద్ధం కూడా చెబుతోంది.

అది యాభై ఏడో సంవత్సరం. దేశదేశాలు తిరిగిన ఫ్లూ జ్వరం కన్నడ సీమలోని కంప్లికీ వచ్చింది. బడిని ఆస్పత్రిగా మార్చి, బయటివాళ్లను లోపలికి రానివ్వడం మానేశారు. సుభద్రమ్మ ఒక్కగానొక్క కొడుకు మాధవ అక్కడే పోయాడు. మూడు రోజులుగా కన్ను మూయని సరోజిని గోడకు ఆనుకుని కాస్త కునుకు తీసింది. లేచి చూసేసరికి అతని చెయ్యి చల్లబడి ఉంది.

ఆ పొద్దే ఆమె రాజీనామా రాసి, డాక్టరు బల్ల మీద పెట్టమని దేవక్కకిచ్చింది. దేవక్కకు చదువు రాదు గానీ సరోజిని మొహం చూసి సంగతి గ్రహించింది. "రేపిస్తాలేమ్మా" అని కాగితాన్ని కొంగున ముడేసుకుంది.

సాయంత్రానికి సుభద్రమ్మ మరిది కోదండరామి బడి గేటు దగ్గరికి వచ్చాడు.

"మా వదినకు గుండెజబ్బు తల్లీ. కొడుకు సంగతి ఇప్పుడే చెప్పొద్దు. మధ్యాన్నం ఒక గంట వచ్చి, బాగుండాడని చెప్పి పో. ఇంకెవురు చెప్పినా నమ్మదు. నీకు ఆ గంట సెలవియ్యమని డాక్టరుతో మాట్లాడినాను."

ఒక్కరోజే కదా అనుకుంది. ఇది పదో రోజు.

"రా పాపా. మావోడు ఎట్లుండాడు?" అంది సుభద్రమ్మ.

"బాగానే ఉన్నాడండీ. గంజి తాగాడు."

"నువ్వేం తాగినావు? కండ్లు జూడు, యాడికి పోయినాయో!"

విస్తరి ముందే వేసి ఉంది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగిన జాడ లేదు. అన్నం గిన్నె రోజూ కోదండరామి ఇంటినుంచే వచ్చేది. కొడుకు మీద దిగులుతో వంట కూడా మానుకుంది పాపం, అనుకునేది సరోజిని.

"మీ దివిసీమ కత చెప్పు. మీయమ్మ పెరుగన్నంలోకి ఏం పెడ్తాది?"

"మాగాయండీ. మామిడి ముక్కలు ఎండబెట్టి..."

"ఎండబెట్టేదేంది? మీ ఎండలకు చెట్టుమీదనే ఎండిపోవా?"

చెబుతుంటే సరోజినికి పడవల రేవు కళ్లముందు ఆడింది. తాను సెలవుకు వస్తే అమ్మ అక్కడే నిలబడి ఉండేది, దూరం నుంచే ఆ తెల్లచీర కనిపించేది. రేవు చూసి ఏడాదైంది. అయినా ఈ గంటసేపు అక్కడికి పోయివచ్చినట్టుండేది. ఆ బలంతోనే తిరిగి మంచాల మధ్యకు నడిచేది.

"ఇంకొంచెం ఏస్తా."

"సాకండీ," అని సరోజిని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"సాకంట, అండీ అంట! కన్నడాన్ని గూడా కోస్తాకు తోలుకపోయినావు గదే!"

సరోజిని ఫక్కున నవ్వింది. పది రోజుల్లో మొదటి నవ్వు. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కొడుకు పోయిన తల్లి ముందు కూర్చుని నవ్వుతున్నాను, అనుకుంది. ముద్ద విస్తరిలో పెట్టేసింది.

"అమ్మా, నేను అబద్ధం చెప్పాను. మాధవ లేడు. నేను కునుకు తీశాను, లేచేసరికి పోయాడు. పది రోజులైంది."

అన్నం గిన్నె తెచ్చి గడపలోనే నిలబడ్డ కోదండరామి తల దించుకున్నాడు.

"మీకోసమని చెప్పి వచ్చాను. కాదమ్మా, నాకోసమే వచ్చాను. ఈ గంట లేకపోతే నేను ఎప్పుడో బండెక్కి వెళ్లిపోయేదాన్ని. మీ దగ్గర దొంగతనం చేశాను."

సుభద్రమ్మ గిన్నె దగ్గరికి లాక్కుని, విస్తరిలో ఇంకో ముద్ద పెరుగన్నం పెట్టింది.

"వాని చితికి కట్టెలు బండికెత్తింది నేనే. నువ్వు పోతాండావని దేవక్క చెప్తే, మరిదిని నీ దగ్గరికి తోలింది గూడా నేనే."