చిలక లేని తలుపు

"చిలకను తీసేసిందెవర్రా?" తెరమీది ముగ్గురు విద్యార్థులనూ నిలదీసింది వసుంధర.

పిల్లలు ఆట గెలిస్తేనే ఇంటి తలుపులు తెరుచుకునే రోజులవి. వేర్వేరు ఊళ్ల నుంచి వీళ్లు తయారుచేస్తున్న ఆటను పరీక్ష కోసం ఇవాళే తన తలుపుకు పెట్టుకుంది. దాక్కున్న చిలకను పట్టుకుంటే గెలిచినట్టు. ఆ చిలకే మాయమైంది. తీసినవాళ్ల వేలిముద్ర పడితేనే తిరిగొస్తుంది.

పక్కన ఆరేళ్ల కూతురు ఆయాసంతో ఎగపోస్తోంది. ఇన్‌హేలరేమో తెరుచుకోని తలుపు అవతల, బయట కారులో ఉంది.

"నేను కాదు మేడమ్," అన్నాడు కడప నుంచి మస్తాన్. "నేనూ కాదు," అన్నాడు మరొకడు.

"పిల్ల ఊపిరి పోతోందర్రా, చెప్పి చావండి!"

తెనాలి నుంచి ప్రసూన ఏడ్చేసింది. "మొన్న గోలగా ఉన్నాయని ఆటలోని పక్షులన్నిటినీ తుడిచేశారు కదా, వాటితోపాటే చిలకా పోయింది. మార్కులకి భయపడి నోరు మూసుకున్నాం. తీసింది మీరే మేడమ్!"