మెయిన్‌లో కలపని దిద్దుబాటు

ఆగండాగండి, చేతిలో పని పక్కన పెట్టి ఒక్క నిమిషం ఇది వినండి.

తలుపు తీసీ తియ్యకముందే మొదటి దెబ్బ పడింది. కళ్ళజోడు ఎగిరిపోయి చెప్పుల స్టాండు కింద పడింది. బావ తేరుకునేలోపే బావమరిది ఆయన చొక్కా దొరకబుచ్చుకుని హాల్లోకి ఈడ్చుకొచ్చాడు. కాలితోనే తలుపు మూశాడు. జిమ్ నడిపే మనిషి. అవి చేతులు కావు, ఇనప కమ్మీలు.

"పేరు చెప్పు బావా."

ఏ పేరో బావకి తెలుసు. ఆయన భార్య, అంటే వీడి అక్క, గొంతు లోపలంతా కాలిపోయి ఆసుపత్రిలో ఉంది. క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చారు. ఎంత ఇవ్వాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ తప్పు లెక్క చెప్పింది. నోట్లో లోహపు పన్ను ఉంటే చాలు, డోసు రెట్టింపు చేసేస్తోంది. ఆవిడకి ఆ పన్నుంది.

ఆ సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదీ కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి ఊరికే రాసిపెట్టే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అందులోనే. ఆవిడ కోడ్ రాస్తుంది. ఆయన దాన్నెలా వాడాలో చెప్పే గైడ్ రాస్తాడు.

"ఆ తప్పు కిందటి వెర్షన్ విడుదలప్పుడు అక్కే పట్టుకుంది. అక్కే దిద్దింది," అంటూ బావమరిది ఆయన్ని గోడకేసి గుద్దాడు. "దిద్దిన తప్పు మళ్ళీ ఎలా వచ్చింది?"

బావ ఆయాసపడుతూనే చెప్పాడు. విడుదలకి ముందు మెయిన్ కోడ్ నుంచి ఒక బ్రాంచ్, అంటే విడిగా ఒక నకలు, తీస్తారు. అర్జెంటు తప్పులు ఆ బ్రాంచ్‌లో దిద్దేసి విడుదల చేసేస్తారు. ఆ దిద్దుబాటుని వెంటనే మెయిన్‌లో కూడా కలపాలి. కలపడం మర్చిపోయారో, తర్వాతి విడుదల మళ్ళీ మెయిన్ నుంచే పుడుతుంది కాబట్టి, చచ్చిన తప్పు లేచి కూర్చుంటుంది.

"ఆ మర్చిపోయిందెవడు?"

బావ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అంతే, వాడు ఒళ్ళు మర్చిపోయాడు. కీబోర్డు తీసి ఆయన నెత్తిన రెండు ముక్కలు చేశాడు. మీటలు గదంతా చెల్లాచెదురయ్యాయి. డొక్కలో తన్నాడు. కింద పడితే లేపి మళ్ళీ తన్నాడు. ఏడుస్తూనే కొడుతున్నాడు. చిన్నప్పుడు తనని చంకనేసుకుని తిప్పిన అక్క ఇప్పుడు గుక్కెడు నీళ్ళు మింగలేకపోతోందని, డాక్టర్లు కళ్ళల్లోకి చూసి మాట్లాడటం మానేశారని చెబుతూ, ఒక్కో మాటకి ఒక్కో దెబ్బ.

"నేనే మర్చిపోయాను," అన్నాడు బావ, రక్తం ఉమ్మి.

వాడికి నవ్వొచ్చింది. దెబ్బలే నయం ఆ నవ్వు కంటే.

"నువ్వా? నీకు కోడ్ ముట్టుకునే పర్మిషనే లేదు. గైడ్‌లో కామా మార్చాలన్నా అక్కని అడుగుతావని ఇంటిల్లిపాదీ నవ్వుకుంటాం కదా."

ఆయన చెయ్యి లాగి టేబుల్ సొరుగులో పెట్టి మోకాలితో మూశాడు. వేలు విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"ఎవడ్ని కాపాడుతున్నావ్ బావా? అక్క కంటే ఎక్కువా వాడు నీకు?"

బావ మిగిలిన చేత్తో వాడి కాళ్ళు పట్టుకున్నాడు. నన్ను చంపినా సరే, ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యి, అక్క దగ్గర మాత్రం ఎత్తకు అని బతిమాలాడు.

"ఎత్తకపోవడం ఏంటి? కనుక్కురమ్మని పంపిందే అక్క."

ఫోను తీసి ఆయన మొహం ముందు పెట్టాడు. మాట పెగలని మనిషి టైపు చేసి పంపింది.

'పేరు చెప్పాడా? పోయేలోగా వాడి మొహం ఒక్కసారి చూడాలి.'

అక్షరాలు మసకగా కనిపించాయి. కళ్ళజోడు లేకపోయినా ఆయన చదవగలిగాడు. బావమరిది వెనక్కి రెండడుగులు వేసి, జిమ్ నుంచి తెచ్చిన రాడ్డు పైకెత్తి, ఇదే ఆఖరుసారి అడగడం అన్నాడు.

ఆ దిద్దుబాటుని మెయిన్‌లో కలపబోతుండగా బయాప్సీ రిపోర్టు వచ్చిందని ఆసుపత్రి నుంచి ఫోను వస్తే, ఉన్నపళంగా కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయి, కలిపేశాననే ఈ రోజుకీ అనుకుంటున్నది ఆవిడే అయినప్పుడు, మీరైతే ఆ పేరు చెప్తారా?