వెళ్ళొస్తాను

తలుపులన్నీ మాటకే తెరుచుకునే రోజులవి. చూపులేని కనకమహాలక్ష్మిగారి తలుపుకు మాటలు నేర్పింది సురభే; కాలేజీలో అది సేవా పాఠం. "ఈ సేవ వల్ల నువ్వేం నేర్చుకున్నావు?" అన్న ఆఖరి ప్రశ్నకు జవాబు రాసుకుందామని ఇవాళ మళ్ళీ వచ్చింది.

"తలుపు బాగా పనిచేస్తోందా మామ్మగారూ?"

"భేషుగ్గా ఉందమ్మా."

కాఫీ తాగి సురభి లేచింది. "వెళ్ళొస్తానండీ."

"వస్తున్నారా? రండి, రండి," అంటూ తలుపే గడియ బిగించుకుంది. మళ్ళీ చెప్పినా అదే మర్యాద.

సురభికి అప్పుడు గుర్తొచ్చింది. బయటికి పోవడానికి తను దానికి నేర్పింది 'వెళ్తున్నాను' ఒక్కటే.

"అందుకే, నువ్వు దీనికి మాటలు నేర్పిన ఉగాది నుంచీ గడప దాటలేదమ్మా," అంది మామ్మగారు. "కష్టపడి చేసిపెట్టావు, నీతో ఏమని చెప్పను? మా ఆయన ఆఖరిసారి, దీనికి తెలిసిన ఆ మాటే అని బయల్దేరారు."

సురభి నోరు తెరిచింది. 'వెళ్...' దాకా అని ఆగి, సంచి మళ్ళీ కింద పెట్టింది.

"పోనీలే, అన్నానికి కూర్చో."