భర్త పేరు తప్పనిసరి

గద్వాల నేతవాళ్ల చీరలమ్మే యాప్ యమున పేరు నొక్కగానే మూసుకుపోతోంది. ఆ యాప్ తయారుచేసిన పక్కింటి సుష్మ, యమున నేస్తున్న మగ్గం దగ్గరే కూర్చుని తప్పు వెతికి పట్టుకుంది.

"భర్త పేరు ఖాళీగ ఉంది చిన్నమ్మా. అది లేకుంటే యాప్ నడువదు."

అరుగు మీదున్న యమున మొగుడు ఆ మాట విన్నాడు. లోపలికొచ్చి, యమునను జుట్టుపట్టి మగ్గం గుంటలోంచి బయటికి ఈడ్చాడు.

"ఊరంత చూసే దాంట్ల నా పేరు తీస్తవానే?"

అడ్డపోగు నడిపే నాడె చేతికందితే దాంతోనే కొట్టాడు. దాని ఇనుప మొన ఆమె నుదురు చీల్చింది. కింద పడ్డాక కడుపులో తన్నాడు. అప్పుడు కూడా యమున, రక్తం మగ్గం మీది చీర పట్టు అంచు మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంది.

సుష్మ అడ్డం పడింది.

"ఆగు చిన్నాయనా! తప్పు నాది. పాత వివరాలు కొత్త యాప్‌లకు మార్చేటప్పుడు నీ పేరు జారిపోయినట్టుంది. ఆమెకేం తెల్వదు!"

ఆ పేరు మళ్లీ ఎక్కించి ఫోన్ చూపించింది. యాప్ తెరుచుకుంది. యమున ఫొటో కింద తన పేరు చూసుకుని అతను నాడె పడేశాడు.

"గిది ముందే చెప్పొద్దా బిడ్డా? ఉత్తగనే కొట్టిస్తివి."

యమున మగ్గం గుంజ పట్టుకుని లేచింది. సుష్మ చేతిలోని ఫోన్ తీసుకుని, మొగుడు చూస్తుండగానే, నెత్తురంటిన వేలితో ఆ పేరు చెరిపేసింది.

"తప్పు నీది కాదు సుష్మా. పొద్దుగాల తీసింది నేనే. ఖాళీగున్నా నడిచేటట్టు చెయ్యి."