మూడో పాటలో ఖాళీ

"ఇంతకన్నా గోలగా ఉండేదేమైనా ఉందా బాబూ?"

కొట్లో మోగుతున్న పాట విని ఒక పెద్దాయన అలా అడిగేసరికి, కుర్చీలో జారబడి ఉన్న కొట్టతను నిటారుగా కూర్చున్నాడు.

పాత స్పీకర్లు, పాత సీడీలు అమ్మే కొట్టది. స్పీకర్లకి అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వస్తారు. సీడీల వంక చూసే నాథుడు లేడు. అందులోనూ అతనికి ఇష్టమైనవి అసలే ఎవరికీ పట్టవు. గిటారు తీగని ఇనపముక్కతో గీకిన చప్పుళ్లు, కాలిపోతున్న మోటారు మూలుగులు, కంప్యూటర్లో పుట్టిన బుసలు. రాగం ఉండదు, తాళం ఉండదు, మాటా ఉండదు. తనూ అలాంటివే చేస్తాడు. వెనకగదిలో మిషన్లు పెట్టుకుని సగం జీవితం వాటికే ధారపోశాడు. స్నేహితులు అతనికి గరగర అని పేరు పెట్టారు. పేరు మిగిలింది. స్నేహితులే మిగల్లేదు.

"ఎలాంటి గోల కావాలండీ?" అన్నాడు గరగర.

"రాగాలొద్దు. ఎత్తడాలూ దించడాలూ వద్దు. మొదలెడితే చివరిదాకా ఒకటే మోత మోగాలి."

ఇలాంటి మాట ఒక మనిషి నోట వినడం అతనికి ఇదే మొదలు. ఇంకెవరివో రెండు సీడీలతో పాటు తను చేసినదీ తీసి ఇచ్చాడు.

పెద్దాయన బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మనిషి కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో అనిపిస్తుంది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు.

"నీదే బాగుంది బాబూ. మిగతావాళ్లవి నడిమధ్యలో సన్నబడిపోతున్నాయి. నీది గోడ కట్టినట్టుంది."

ఆ పూట గరగర ఇంటికి ఏనుగెక్కినట్టు వెళ్లాడు. అన్నం వడ్డిస్తున్న అక్కకి చెప్పాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత ఉందిరా" అంది అక్క. "చివరికి ఆ చెవిటివాడే దొరికాడేమో, కాస్త కనుక్కో."

"చెముడు కాదక్కా. చక్కగా వినపడుతుంది."

"వినపడి కూడానా! ఒరే, నాకు నడుం పడిపోతోంది. నీకు జుట్టు నెరిసింది. ఆ మిషన్లు అడిగినవాడికి ఇచ్చేసి ఎక్కడైనా పనికి కుదురుకోరా. మిషన్లు కొనేవాడు ఎల్లుండి వస్తానన్నాడుగా?"

"రావద్దని చెప్పేశా. ఒక్కడు వింటున్నాడక్కా. నాకు ఆ ఒక్కడు చాలు."

అక్క ఇంకో గరిటె పప్పు వేసింది.

కానీ ఆ తర్వాత వచ్చినప్పుడు పెద్దాయన కొట్టు ముందు చాలాసేపు నసిగాడు. "ఏమీ అనుకోకు బాబూ. మూడో పాట ఒక్కటే మధ్యలో ఆగిపోతోంది. ఆ ఖాళీ తీసేసి ఇవ్వగలవా?"

ఆ ఖాళీ కోసమే ఆ పాటంతా. చెవులు పగిలే మోత ఠక్కున ఆగిపోతుంది. నాలుగు గుక్కల ఊపిరి పీల్చుకునేంత నిశ్శబ్దం. దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక గరగర ఒక వేసవంతా నలిగిపోయాడు.

"అది పాటకి ప్రాణమండీ."

"అయ్యుండొచ్చు బాబూ. నాకొద్దు."

పెద్దాయన వెళ్లిపోయాడు. గరగర మిషన్ల ముందు కూలబడ్డాడు. ఈ ఒక్కడికీ అర్థం కాలేదంటే ఇంక ఎవరికి అవుతుంది? అక్క మాటే నిజం. ఒక్కసారి పక్కన కూర్చుని వినిపిస్తాను, అప్పుడూ ఆయన వద్దంటే మిషన్లు ఇచ్చేస్తాను అనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం, పెద్దాయన ఎప్పుడో మాటల్లో చెప్పిన వీధిని వెతుక్కుంటూ వెళ్లాడు. ఇల్లు అడగక్కర్లేకపోయింది. వీధి మొదట్లోకే తన పాట వినపడుతోంది. మెట్ల దగ్గర బట్టలు ఆరేస్తున్న ఒకావిడ అతన్ని ఆపింది.

"ముసలాయన దగ్గరికేనా? కాస్త గడ్డి పెట్టు నాయనా! పొద్దస్తమానం ఈ రొదేమిటి? ఈ వయసులో ఈ వెర్రేమిటి? ఆ ఇల్లాలు ఎలా భరిస్తోందో పాపం, గడప దాటి బయటికే రాదు."

పెద్దాయన తలుపు తీశాడు. భుజాన తడి తువ్వాలు. అతన్ని చూసి కంగారుపడ్డాడు.

"అయ్యో, ఇంతదూరం ఎందుకొచ్చావు బాబూ?"

"పక్కన కూర్చుని మూడో పాట ఒక్కసారి వినిపిద్దామనండీ. కాదనకండి."

ఉన్నది ఒక్కటే కుర్చీ. దాంట్లో అతన్ని కూర్చోబెట్టి పెద్దాయన గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. లోపలిగది తలుపు మూసి ఉంది. ఇద్దరూ మోతలో గొంతులు పెంచి మాట్లాడుకున్నారు.

"ఇరుగుపొరుగు ఏమీ అనరా?"

"తిడతారు. ముసలాడికి మతి పోయిందంటారు. అననీ. తిట్టి ఊరుకుంటారు, ఇల్లు ఖాళీ చెయ్యమనరు. ఇదివరకు రెండిళ్లు ఖాళీ చేయించారు బాబూ. మళ్లీ సామాను మొయ్యడానికి నాకు ఓపిక లేదు."

పాటల కోసం రెండిళ్లు పోగొట్టుకున్నాడా ఈ మనిషి! గరగర కళ్లు చెమర్చాయి. అక్క ఇక్కడుండి ఈ మాట వింటే బాగుండుననిపించింది.

మూడో పాట మొదలైంది. పెద్దాయన గబుక్కున లేచాడు. "ఇది దాటించేద్దాం బాబూ."

గరగర ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కసారి. నా కోసం. ఆ ఖాళీలో ఏముందో మీకే తెలుస్తుంది."

చెయ్యి విడిపించుకోబోయాడు పెద్దాయన. గరగర వదల్లేదు. మోత పెరిగింది. కిటికీ అద్దాలు అదిరాయి. ఇంకా పెరిగింది.

ఠక్కున ఆగిపోయిందో లేదో, మూసిన తలుపు వెనక నుంచి బొంగురుపోయిన ఆడగొంతు ఒకటి, "ఎవరో ముసలాడు నన్ను ఎత్తుకొచ్చేశాడమ్మా, బస్సు డ్యూటీలో ఉన్న మా ఆయనకి ఎవరైనా కబురు చెయ్యండి!" అని వీధి చివరికి వినపడేలా కేకపెట్టింది.